సౌదీ అమ్మ సెలవు

రియాద్,
జూన్ 1992.

కరీమక్కా,

నీకూ బావకూ సలాం. నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. జవాబు ఆలస్యమయిందని ఏమీ అనుకోకు. కోపంలో రాసిన ఉత్తరం పోస్టులో వెయ్యకూడదని నాన్న అనేవాడు కదా. రాసి చించాను, మళ్ళీ రాసి మళ్ళీ చించాను. ఇందులోనూ కోపం ఉంది గానీ, ఇక చించే ఓపిక నాకు లేదు.

ఇష్రత్‌ను బడిలో వేస్తున్నామని రాశావు, సంతోషం. పంతులు అమ్మ పేరు అడిగితే నీ పేరు చెప్పమంటావా అని కూడా రాశావు. పిల్ల నిన్ను అమ్మా అంటుందట, నన్ను అడిగితే ‘సౌదీ అమ్మ’ అంటుందట. ‘మాకు ఎట్లాగూ పిల్లల్లేరు, ఇష్రత్‌ను మాకే ఇచ్చెయ్ మెహరూ, నువ్వు అక్కడే ఇంకొన్నేళ్ళు నిమ్మళంగా చేసుకో’ అన్న మాట చివర్లో రాశావు చూడు, అది చదివి నేను వంటింట్లో స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా చూడలేదు. నేను పనిచేసే ఇంటి మదామ్ వచ్చి కేకలేసింది.

వద్దక్కా. నీ పేరు రాయించొద్దు. ఆ చోటు ఖాళీగా ఉంచమని పంతులుకు చెప్పు. మా ఆయన ఇస్సాక్ లారీ బోల్తా పడి చనిపోయిన నాటికి ఇష్రత్‌కు నడక కూడా సరిగా రాలేదు. దాన్ని నీ ఒళ్ళో పెట్టి విమానం ఎక్కింది బతకడానికే గానీ, వదిలించుకోవడానికి కాదు. నువ్వు దాన్ని కంటికి రెప్పలా చూసుకున్నావు, ఆ మాట కాదనే నోరు పడిపోతుంది. కానీ చూసుకోమని ఇచ్చాను, ఉంచుకోమని ఇవ్వలేదు. ఈ ఏడు సెలవు మీద వచ్చి నా బిడ్డను నేను తీసుకుంటాను.

మరి ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు అంటావు. నీకు ఎప్పుడూ పూర్తిగా రాయలేదు, ఇప్పుడు రాస్తాను. కువైట్ యుద్ధం రోజుల్లో ఈ ఊరి మీద రాకెట్లు పడ్డాయని రేడియోలో విని నువ్వు పోస్టాఫీసు చుట్టూ తిరిగావట. నిజంగానే పడ్డాయి. సైరన్ మోగగానే అందరం ఒకే గదిలోకి దూరి, తలుపు సందులకు తడిగుడ్డలు కుక్కి, విషగాలి తగలకుండా రబ్బరు ముసుగులు తగిలించుకునేవాళ్ళం. మదామ్ చిన్నకూతురు నూరాకు ఆ ముసుగు అంటే చచ్చేంత భయం. నేను ముందు తగిలించుకుని, ఏనుగులా ఘీంకరిస్తే నవ్వి, అప్పుడు పెట్టించుకునేది. మా వీధిలో పనివాళ్ళు సగంమంది వెళ్ళిపోయారు. నేనూ పెట్టె సర్దుకున్నాను. మదామ్ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. ‘నువ్వు పోతే నూరా చచ్చిపోతుంది. యుద్ధం అయిపోనీ, మూడు నెలలు ఇజాజా ఇచ్చి పంపిస్తాను, అల్లా సాక్షి’ అంది. ఇజాజా అంటే సెలవు. నేను పెట్టె విప్పేశాను.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. యుద్ధం ఆగిన ఏడాది పిల్లలకు తట్టు పోసిందన్నారు, తర్వాత అత్తగారికి కాలు విరిగిందన్నారు. మొన్న నేను తెగించి అడిగాను. మదామ్ ముఖం వెలిగిపోయింది. ‘నీ ఇజాజా నాకు గుర్తుంది మెహరూ! ఈసారి మేమంతా పారిస్ పోతున్నాం, నువ్వూ వస్తున్నావు. అదే నీ ఇజాజా!’ అంది. ఎగతాళికి కాదక్కా, నిజంగా నాకు గొప్ప బహుమతి ఇస్తున్నాననుకుంది. బాబా, అంటే ఇంటి యజమాని, తన ఆఫీసులో నా సెలవు ‘వాడుకున్నట్టు’ రాయించేశాడట. మళ్ళీ రెండేళ్ళ దాకా అడగడానికి లేదు.

ఇంట్లో డ్రైవరు అబ్దుల్ ఘనీ మన రాయచోటి మనిషే. ఆయన దగ్గర ఏడ్చాను. ‘ఏడ్చాండావా చెల్లెమ్మా? పారిస్ పోవాలని లోకమంతా కొట్టుకుంటాంది. నోరు మూసుకోని పో. తిరుక్కోని రా. ఈళ్ళతో ఏం పెట్టుకుంటావు?’ అన్నాడు.

పోతానక్కా. నోరు మాత్రం మూసుకోను. అడగందే అమ్మైనా పెట్టదంటారు, వీళ్ళు అడిగినా పెట్టడం లేదు కాబట్టి ఇక అడగను. ఏం చేస్తానో అక్కడికి పోయాక రాస్తాను. అంతవరకు ఆ ఖాళీ ఖాళీగానే ఉండాలి.

ఇట్లు,
ఇష్రత్ అమ్మ (సౌదీ అమ్మ కాదు),
మెహరున్నిసా.


పారిస్,
జూలై 1992.

కరీమక్కా,

సలాం. పైన ఊరి పేరు చూసి బావకు చూపించి నవ్వుకుని ఉంటావు. మైదుకూరు దూదేకుల ఇంట్లో పుట్టినదాన్ని, పారిస్ నుంచి ఉత్తరం రాస్తున్నాను మరి!

మేము దిగిన ఇల్లు అయిదో అంతస్తులో ఉంది. వచ్చిన మర్నాడు పొద్దున్నే లేచి నమాజు చేసుకుని, పనిగౌను జోలికి పోకుండా, పెట్టె అడుగున ఉన్న నా వంకాయ రంగు చీర తీసి కట్టుకున్నాను. తల దువ్వుకున్నాను. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

మదామ్ లేచి వచ్చి చూసింది. ‘చాయ్ ఏది?’ అంది.

‘నాకు తెలియదు మదామ్. నేను ఇజాజాలో ఉన్నాను’ అన్నాను.

‘ఏమిటీ?’

‘పారిస్ నా ఇజాజా అని మీరే అన్నారు. బాబా రాయించారు కూడా. సెలవులో ఉన్న మనిషి చాయ్ కాచదు. గుడ్డలు ఉతకదు. ఊరు చూస్తుంది.’

ముందు నవ్వింది. తర్వాత అరిచింది. బాబా లోపలి గదిలోంచి వచ్చి విషయం విని తల గోక్కున్నాడు. ‘ఎవరు నేర్పారు నీకు ఇవన్నీ? డ్రైవరా?’ అంది మదామ్. ఎవరూ నేర్పలేదు, మీ మాటే మీకు అప్పజెబుతున్నానన్నాను. ‘నీ పాస్‌పోర్టు నా దగ్గరుంది, గుర్తు పెట్టుకో’ అంది చివరికి.

‘ఉండనివ్వండి. పారిపోయేదానికి కదా అది కావాల్సింది. నేను పొద్దు గుంకాక, మగ్రిబ్ నమాజు వేళకు తిరిగి వస్తాను’ అని చెప్పి చెప్పులు వేసుకున్నాను. నూరా నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని ఏడ్చింది. దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీస్తుంటే నాకు మైదుకూరు బస్టాండు గుర్తొచ్చింది. ఆ రోజు ఇష్రత్ వేళ్ళు విడదీసింది నువ్వు. నేను బస్సు ఎక్కేసి అటు తిరిగి కూర్చున్నాను.

అయిదు అంతస్తుల మెట్లూ దిగాను. ఆ మెట్లు తుడిచే ఆమె పేరు జొహ్రా, మొరాకో దేశపు మనిషి. ఆమె అరబ్బీ నాకు సగం అర్థమవుతుంది, నా వంటింటి అరబ్బీ ఆమెకు సగం. ఎటు పోవాలని అడిగితే, నది పక్కనే పోతూ ఉండు, వచ్చేటప్పుడు మళ్ళీ నది పక్కనే రా, తప్పిపోవు అని చెప్పింది. అట్లే పోయాను.

అక్కా, ఏం ఊరది! నది రెండు గట్లకూ రాతి గోడలు కట్టారు. మన పెన్నలో లాగా ఇసుక కనబడదు, నీళ్ళే నీళ్ళు. నది నడుమ లంక మీద ఒక పెద్ద చర్చి ఉంది, దాని చూరు నుంచి రాతి జంతువులు మెడలు చాచి కిందికి చూస్తుంటాయి. ఇనప గోపురం దూరం నుంచే చూశాను, దగ్గరకు పోతే జనం. గట్టు మీద పాత పుస్తకాలు అమ్ముకునే ముసలాయన నా చీర చూసి టోపీ తీసి వంగాడు. నన్ను చూసి ఎవరైనా టోపీ తీయడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. నేను కంగారులో సలాం అనేశాను.

మధ్యాహ్నం ఒక తోటలో కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టె, ఖర్జూరాలు తిన్నాను. అక్కడ చెక్క గుర్రాలు గుండ్రంగా తిరుగుతుంటాయి, పిల్లలు ఎక్కుతారు. ఒకామె కూతుర్ని గుర్రం మీద కూర్చోబెట్టి, అది తిరిగి తన ముందుకు వచ్చినప్పుడల్లా చెయ్యి ఊపుతోంది. అది చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో! ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. సెలవులో ఉన్నాను కదా, తీరిగ్గా ఏడ్చాను.

ఇక అసలు తమాషా విను. మగ్రిబ్‌కు వస్తానన్నాను కదా. రియాద్‌లో అయితే ఆరున్నర దాటగానే మసీదు నుంచి బాంగు వినబడుతుంది. ఇక్కడ బాంగూ లేదు, నా దగ్గర గడియారమూ లేదు. సూర్యుణ్ణి చూసుకుంటూ తిరిగాను. ఆ సూర్యుడు ఎంతకీ దిగడే! అంగళ్ళు మూసేశారు, హోటళ్ళ ముందు జనం అన్నాలకు కూర్చున్నారు, ఎండ మాత్రం గోడల మీద అట్లే ఉంది. ఈ దేశంలో ఎండాకాలం పొద్దు రాత్రి పది దాకా ఉంటుందని నాకేం తెలుసు? పొద్దు గుంకుతుండగా నింపాదిగా మెట్లెక్కి తలుపు తట్టాను.

తలుపు తీసిన మదామ్ కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. బాబా చేతిలో నా పాస్‌పోర్టుతో పోలీసుల దగ్గరకు బయలుదేరుతున్నాడు. ‘మగ్రిబ్‌కు వస్తానన్నావు! పారిపోయావనుకున్నాం!’ అని మదామ్ నా భుజాలు పట్టి కుదిపేసింది.

నేను తెల్లబోయాను. ‘మగ్రిబ్ ఇప్పుడే కదా మదామ్ అయింది? చూడండి’ అని కిటికీ చూపించాను. ఇంటి కప్పుల మీద అప్పుడే ఎరుపు తగ్గుతోంది.

బాబా తల్లి, కాలు విరిగిన ముసలామె, సోఫాలోంచి కిలకిలా నవ్వింది. ‘అది నిజమే చెప్తోంది. మాట తప్పింది ఈ ఊరి సూర్యుడు, పిల్ల కాదు’ అని కొడుకు వైపు తిరిగి, ‘పారిపోయేదైతే పొద్దు చూసుకుంటూ తిరుగుతుందా?’ అంది. నాకు నవ్వు ఆగలేదు. మదామ్ మాత్రం నవ్వలేదు.

రేపూ పోతాను. ఎల్లుండీ పోతాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఇష్రత్ అమ్మ,
మెహరున్నిసా.


పారిస్,
ఆగస్టు 1992.

అక్కా,

సలాం. గెలిచాను. ముందే ఆ మాట రాస్తున్నాను, ఎందుకంటే తర్వాత రాసేది వేరే.

ఒక వారం పైగా అట్లే సాగింది. పొద్దున చీర కట్టుకుని పోవడం, పొద్దు గుంకే వేళకు రావడం. ఇంట్లో మదామ్ పాట్లు చూడాలి! అన్నం మాడింది, పాలు విరిగాయి, గుడ్డల యంత్రం తెల్లచొక్కాలన్నీ గులాబీ రంగు చేసి ఇచ్చింది. నాకు లోపల చెయ్యి దురద పుట్టేది, ఆ మాడిన గిన్నె తోమేద్దామా అని. తోమలేదు. ఒక్క గిన్నె తోమితే నా సెలవు పోయినట్టే.

జొహ్రా నన్ను ఒక రోజు తన ఇంటికి పిలిచి పుదీనా చాయ్ పోసింది. ‘తిరిగి పోకు. నీలాంటి వాళ్ళు ఇక్కడ చాలామంది ఉండిపోయారు. నాతో పాటు మెట్ల పని ఇప్పిస్తాను’ అంది. మంచి మనసుతోనే అంది. నేను కాసేపు ఆలోచించాను కూడా, నీ దగ్గర దాపరికమెందుకు. ఈ ఊళ్ళో మనిషి తల ఎత్తుకుని నడవొచ్చు. కానీ దొంగతనంగా ఉండిపోతే ఊరికి పోయే దారి మూసుకుపోతుంది. ‘నా బిడ్డ మైదుకూరులో ఉంది. అక్కడికి దారి రియాద్ మీదుగానే’ అన్నాను. జొహ్రా మళ్ళీ బలవంతం చెయ్యలేదు.

నిన్న మదామ్ నా ముందు కూర్చుంది. అలిసిపోయి ఉంది. ‘నేను తప్పు చేశాను మెహరూ. ఇది నీ ఇజాజా కాదు. బాబాతో ఆ రాత కొట్టేయించాను. మనం వెనక్కి పోగానే నువ్వు మీ ఇంటికి పో. మూడు నెలలు. ముందు మాటిచ్చినట్టే’ అంది. అత్తగారు పక్కనే కూర్చుని తల ఊపుతోంది. నేను మదామ్ చేతులు కళ్ళకు అద్దుకున్నాను. ఆ సాయంత్రమే గౌను వేసుకుని, ఇల్లంతా కడిగి, అన్నం వండాను. అందరూ ఆవురావురుమని తిన్నారు.

తర్వాత నూరాకు జడ వేద్దామని దువ్వెన తీసుకుని పిలిచాను. పాల పళ్ళు రాకముందు నుంచీ నా చేతిలో పెరిగిన పిల్ల అది. ముసుగులో ఏనుగులా అరిస్తే నవ్విన పిల్ల. నేను సెలవు మొదలుపెట్టిన రోజు మెట్ల దాకా వచ్చి ఏడ్చింది. రెండో రోజు తలుపు దాకా వచ్చింది. మూడు నాలుగు రోజులయ్యేసరికి బొమ్మతో ఆడుకుంటూ తల కూడా ఎత్తలేదు. నేనది చూసీ చూడనట్టు పోయాను. ఈ రోజులన్నీ వాళ్ళమ్మే జడ వేసింది, వంకరటింకరగా, పాపిడి కూడా రాకుండా. నిన్న నేను దువ్వెన పెట్టబోతే నూరా నా చెయ్యి తోసేసింది. ‘నువ్వు వద్దు. మామా వేస్తుంది’ అని వాళ్ళమ్మను చూపించింది.

మదామ్ ముఖం చూడాలి అక్కా. మొగుడు వజ్రాల హారం తెచ్చిన రోజు కూడా ఆమె ముఖంలో ఆ వెలుగు చూడలేదు. పరిగెత్తుకుని వచ్చి దువ్వెన అందుకుంది. నేను పక్కకు జరిగాను. సంతోషించాలి కదా, ఎవరి బిడ్డ వాళ్ళ దగ్గరకు పోయింది. గుండెలో మాత్రం కత్తి దిగినట్టయింది.

రాత్రంతా ఒకటే లెక్క. కొద్ది రోజులు ఎడం కావడానికే నూరా నన్ను మరిచింది. ఇష్రత్‌ను వదిలి నేను వచ్చి ఎన్ని ఏళ్ళయింది? మూడు నెలలు వచ్చి ఏం చేస్తాను? మొదటి నెల అది నా దగ్గరకు రాదు. రెండో నెల వస్తుంది. మూడో నెల మళ్ళీ బస్టాండులో నువ్వు దాని వేళ్ళు విడదీయాలి. అందుకా నేను ఇంత పోరాటం చేసింది?

ఇంకో మాట కూడా తట్టింది, అది రాయడం కష్టంగా ఉంది. నిన్న నూరా నన్ను తోసేసినప్పుడు నాకు అయిన నొప్పి, నేను వచ్చి ఇష్రత్‌ను లాక్కుపోతే నీకు అయ్యే నొప్పి ఒకటే. జూన్‌లో ‘నా బిడ్డను నేను తీసుకుంటాను’ అని రాశాను. ఆ ఉత్తరం చదివిన రోజు నువ్వు అన్నం తిన్నావో లేదో.

మెహరూ.


రియాద్,
సెప్టెంబరు 1992.

కరీమక్కా,

సలాం. నీ ఉత్తరం కోసం చూడకుండానే రాస్తున్నాను, ఎందుకంటే నేనే వస్తున్నాను.

తిరిగొచ్చిన మర్నాడే మదామ్ దగ్గరకు పోయి, నాకు మూడు నెలల ఇజాజా వద్దన్నాను. ఆమె విస్తుపోయింది. ‘దాని కోసం నా ప్రాణం తోడేశావు కదే!’ అంది. అవును, తోడేశాను, ఇప్పుడు అది చాలడం లేదు, ఖురూజ్ నిహాయీ కావాలన్నాను. ఇక తిరిగి రానని పాస్‌పోర్టు మీద వేసే ముద్రను ఇక్కడ అట్లా అంటారు. అది పడ్డాక ఈ ఇంటికి మళ్ళీ రావడమంటూ ఉండదు.

మదామ్ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. ‘నూరా ఇప్పుడు నా దగ్గరే పడుకుంటోంది. నువ్వు ఆ ఊళ్ళో పంతం పట్టకపోతే అది జరిగేది కాదు’ అంది. బాబాను పిలిచి ముద్ర వేయించమంది. ముసలామె నన్ను దగ్గరకు పిలిచి నెత్తిన చెయ్యి పెట్టింది.

అబ్దుల్ ఘనీ మాత్రం నెత్తి కొట్టుకున్నాడు. ‘పిచ్చి గాని పట్టిందా నీకు? సెలవు గెల్చుకుంటివి. పోయి చూసుకోని మళ్ళా రావచ్చు కదా. ఆడ ఏం తిని బతుకుతావు?’ అన్నాడు.

‘అన్నా, మా నాన్న దూదేకి మమ్మల్ని ఇద్దర్నీ పెంచినాడు. నాకూ ఆ పని వచ్చు. ఊళ్ళో పరుపులు కావాల్సినోళ్ళు ఇంకా ఉండారు’ అన్నాను.

‘నీకు చెప్పేదానికంటే గోడకు చెప్పేది మేలు’ అని పోయాడు. మర్నాడు పిల్లకని ఒక గౌను తెచ్చి ఇచ్చాడు. కొలత తెలియదు కదా, చాలా పెద్దది తెచ్చాడు. పెద్దదయ్యాక వేసుకుంటుందిలే.

నూరాకు అబద్ధం చెప్పి రావాలని లేదు. కూర్చోబెట్టి చెప్పాను, నాకు నీ అంత అమ్మాయి ఉంది, దాని దగ్గరకు పోతున్నాను, మళ్ళీ రాను అని. అది ‘దానికి ఏనుగు చూపిస్తావా?’ అని అడిగింది. చూపిస్తానన్నాను. ఏడవలేదు. నేను కూడా దాని ముందు ఏడవలేదు.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది విను అక్కా. నేను ఇష్రత్‌ను నీ దగ్గర నుంచి తీసుకుపోవడానికి రావడం లేదు. మీ వీధిలోనే, కుదిరితే మీ గోడ అవతలి గదిలోనే ఉంటాను. నాన్న దూదేకిన విల్లు అటక మీద ఉంటుంది, బావతో చెప్పి దించి దుమ్ము దులిపించు, నారి తెగి ఉంటే కొత్తది కట్టుకుందాం. ఇష్రత్ నీ పక్కనే పడుకోనీ. నీ చేతి ముద్దే తిననీ. జడ నువ్వే వెయ్యి. నేను అరుగు మీద కూర్చుని దూది ఏకుతుంటాను, దానికి తోచినప్పుడు వచ్చి పక్కన కూర్చుంటుంది. పొద్దున కనబడతాను, సాయంత్రం కనబడతాను, మర్నాడూ కనబడతాను. పారిస్‌లో రోజూ తిరిగి వచ్చి మదామ్‌ను గెలిచాను. నా బిడ్డను కూడా అట్లాగే గెలుచుకుంటాను, నీ నుంచి లాక్కుని కాదు.

బస్టాండుకు దాన్ని తీసుకురావద్దు. ‘అదిగో మీ అమ్మ’ అని నా మీదికి తొయ్యొద్దు. నీ వెనక దాక్కుంటే దాక్కోనీ, నాకు ఓపిక ఉంది. బడిలో ఆ ఖాళీ ఇంకా ఖాళీగానే ఉందని నాకు తెలుసు, నువ్వు నా మాట తీసెయ్యవు. రేపే పోయి పంతులుతో నీ పేరు రాయించు. జూన్‌లో ఆ మాట అడిగినందుకు నీ మీద పళ్ళు కొరికిన దాన్నే చెప్తున్నాను, రాయించు. కిందో పైనో చోటుంటే నా పేరు కూడా రాయమను. చోటు లేదంటే నీదొక్కటి చాలు.

ఒక్కటే అడుగుతున్నాను. నన్ను సౌదీ అమ్మ అని మాత్రం ఇక అననివ్వొద్దు. సౌదీలో నేను ఉండను కదా. అమ్మా అంటుందో, పిన్నీ అంటుందో, ఓయ్ అంటుందో, అది దాని ఇష్టం. పలకడానికి నేను అక్కడ ఉంటాను.

నీ చెల్లెలు,
మెహరూ.